పిలవాల్సిన రోజు

భీమవరంలోని జలశ్వాస కంపెనీ తయారుచేసే యంత్రం చూడటానికి పెద్ద పాల క్యాన్‌లా ఉంటుంది. రొయ్యల చెరువు గట్టున దాన్ని నిలబెట్టి, గొట్టాన్ని నీళ్లలోకి వదిలితే, కంటికి కనపడనంత సన్నని బుడగలుగా ప్రాణవాయువును అడుగు బురద దాకా పంపుతుంది. దాన్ని కనిపెట్టిన దాట్ల విజయగోపాలరాజుగారికి యంత్రంలో ప్రతి మరా తెలుసు. ఎవరికి అమ్మాలో, ఎలా అమ్మాలో మాత్రం తెలియదు. ఆ పని కొల్లాటి సుభాషిణిది.

సుభాషిణిది మొగల్తూరు దగ్గర సముద్రం ఒడ్డు ఊరు. నలభై ఒక్కేళ్లు. జలశ్వాసలో చేరకముందు పదిహేనేళ్లు రొయ్యల మేత అమ్మింది. ఫోన్లో రైతు "చెప్పండి" అనే తీరును బట్టే ఆ ఏడాది అతని పంట ఎలా ఉందో పోల్చుకోగలదు.

"ఊరూరా తిరిగి ఇంకెంతమందికి చెప్తావమ్మా?" అన్నారు రాజుగారు ఒకరోజు. "కొనేవాళ్లు ఎక్కడున్నారో వెతికి, వాళ్ల నంబర్లూ, వివరాలూ అన్నీ నింపిపెట్టే సాఫ్టువేర్లు వచ్చాయంట కదా. ఏది మంచిదో నువ్వే తేల్చు. నేను సంతకం పెడతాను."

సుభాషిణి ఆ పనిని మనసుపెట్టి చేసింది. అమ్మేవాళ్లు చూపించే బొమ్మలు నమ్మలేదు. తనకు స్వయంగా తెలిసిన రెండు వందల మంది రైతుల వివరాలు రాసి, పేరూ ఊరూ తప్ప మిగిలినవన్నీ చెరిపేసి, మూడు కంపెనీలకు పంపింది. నంబరు, చెరువు విస్తీర్ణం, రొయ్యపిల్లల్ని వదిలిన తేదీ మీరే నింపి పంపండి అంది. జవాబులు సరిచూడటానికి ఆమె దగ్గర అసలు జాబితా ఉంది.

మొదటిది 'చిరునామా'. గంటలో నింపి పంపేసింది. మూడో వంతు నంబర్లు మోగలేదు. మోగినవాటిలో ఒకటి నాలుగేళ్ల కిందట పోయిన మనిషిది. ఆయన కూతురు ఫోన్ ఎత్తి, "మా నాన్నగారి పేరు మీద ఇంకా ఫోన్లు వత్తానే ఉన్నాయండి" అంది. సుభాషిణి క్షమాపణ చెప్పి, చిరునామాను ఆ రోజే పక్కన పెట్టేసింది.

రెండోది 'తీగ'. రెండు రోజులు తీసుకుంది. చెరువుల లైసెన్సు కాగితాలు, రొయ్యపిల్లల్ని పెంచే హేచరీల ప్రకటనలు, రైతు సంఘాల జాబితాలు వెతికి నింపింది. నింపినవి దాదాపు అన్నీ సరిపోయాయి. దొరకని చోట 'తెలియదు' అని రాసింది. అలాంటి గడులు చాలానే ఉన్నాయి.

"తెలియదని చెప్పడానికి సాఫ్టువేర్ ఎందుకండీ? ఆ మాట నేనూ చెప్తాను" అని నవ్వింది కల్పవల్లి. సుభాషిణి దగ్గర పనిచేసే ఇద్దరిలో ఆమె ఒకతె. రెండో అతను సాల్మన్.

మూడోది 'సకాలం'. దాని జాబితాలో ఒక్క ఖాళీ కూడా లేదు. పైగా ఎవరూ అడగని గడి ఒకటి చివర్న ఉంది. దాని పైన 'పిలవాల్సిన రోజు' అని రాసి ఉంది.

దాన్ని తయారుచేసిన పట్నాయకుని శశాంక్ హైదరాబాద్ నుంచి స్వయంగా వచ్చాడు. శ్రీకాకుళం మనిషి. ఉపగ్రహాల చిత్రాల మీద డాక్టరేట్ చేశాడు. మాట్లాడుతున్నంతసేపూ కళ్లజోడు తుడుచుకుంటూనే ఉన్నాడు. ల్యాప్‌టాప్ తెరిచి, వేలి గోరంత కనపడుతున్న ఒక చెరువును పెద్దది చేశాడు.

"ఈ నీటి రంగు చూడండి మేడమ్. నిన్నటికీ ఇవాళ్టికీ తేడా మన కంటికి ఆనదు. ఉపగ్రహానికి ఆనుతుంది. గంటకోసారి ఫొటో తీస్తోంది కదా. నీళ్లు చిలికే ఏరేటర్ల మోటార్లు ఎంత వేడెక్కుతున్నాయో చూస్తుంది. గట్టు మీద చక్రాల జాడల్ని బట్టి మేత బండి ఎన్నిసార్లు వచ్చిందో లెక్కగడుతుంది. ఇలాంటివి మూడు వందల గుర్తులు. అన్నీ కలిపితే, చెరువుకి జబ్బు చేసే సంగతి పది పన్నెండు రోజుల ముందే తెలిసిపోతుంది."

"రైతుకి తెలియకముందేనా?" అన్నారు రాజుగారు.

"రైతుకేంటి సార్, రొయ్యకి కూడా తెలియకముందే."

అందరూ నవ్వారు. సుభాషిణి కూడా నవ్వింది.

తీగ, సకాలం మాత్రమే పోటీలో మిగిలాయి. ఒక్కోదాని జాబితా నుంచి యాభై మందికి ఫోన్ చేసి చూద్దామనుకున్నారు. తీగ ఇచ్చిన యాభై మందిలో తొమ్మిది మంది యంత్రం పెట్టించుకుంటామన్నారు. అది చెడ్డ ఫలితమేమీ కాదు. మామూలుగా నలుగురైదుగురే ఒప్పుకుంటారు. సకాలం ఇచ్చిన యాభై మందికి, అది చెప్పిన రోజునే ఫోన్ చేస్తే, ముప్పై ముగ్గురు ఒప్పుకున్నారు.

"దేవుడు పంపినట్టు చేశారండి ఫోను! ఇవాళ పొద్దున్నే రొయ్య చచ్చి తేలింది. ఎంతసేపట్లో వత్తారు?" అన్నాడొక రైతు. సాల్మన్ స్పీకర్ పెట్టి అందరికీ వినిపించాడు. రాజుగారు ఆ మధ్యాహ్నం అందరికీ పూతరేకులు తెప్పించారు.

ఆ వారంలోనే సుభాషిణి ఒక యంత్రం బిగించడానికి మెకానిక్‌లతో పాటు తనూ గొల్లవానితిప్ప వైపు వెళ్లింది. ఆ చెరువు గుడాల సూర్యకాంతానిదీ, ఆమె భర్తదీ. బండి దిగేసరికి సూర్యకాంతం మోకాలి లోతు నీళ్లలో నిలబడి, చచ్చి తేలిన రొయ్యల్ని గంపతో తోడి గట్టు మీద పోస్తోంది. అప్పటికే గట్టు పొడవునా తెల్లగా కుప్పలున్నాయి.

"నిన్న సాయంత్రం దాకా చెక్ ట్రేలో మేత ఖాళీ చేసినాయండి" అన్నాడు భర్త, మేత తింటున్నాయో లేదో చూసే ఆ పళ్లేన్ని చూపిస్తూ. అదే మాట మళ్లీ మళ్లీ అంటున్నాడు. "ఒక్క మెతుకు మిగల్చలేదండి. ఖాళీ చేసేసినాయి."

యంత్రం బిగించారు. మధ్యాహ్నానికి చెరువు కాస్త కుదుటపడింది. మూడో వంతు రొయ్య దక్కింది. సూర్యకాంతం కాళ్లు కడుక్కుని వచ్చి, కొబ్బరి బొండాలు కొట్టించి, సుభాషిణి చేతికి ఒకటి అందించింది.

"మీరు సమయానికి రాకపోతే ఇది కూడా దక్కేది కాదమ్మా."

సుభాషిణి ఆ బొండాన్ని తాగకుండానే గట్టు మీద పెట్టింది. తిరుగు దారిలో బండిలో కూర్చునే సుభాషిణి సకాలం తెరిచి, ఆ చెరువు వరస మీద నొక్కింది. కింద చిన్న అక్షరాలతో ఇంకో తేదీ కనిపించింది. అది ప్రమాదాన్ని గుర్తించిన తేదీ. పదకొండు రోజుల కిందటిది.

వెంటనే శశాంక్‌కి ఫోన్ చేసింది.

"పదకొండు రోజుల ముందే దానికి తెలిస్తే, మాకు ఇవాళ ఎందుకు చెప్పింది శశాంక్ గారూ?"

"దానికి మేం నేర్పింది ఒకటే ప్రశ్న మేడమ్. ఏ రోజు ఫోన్ చేస్తే అవతలి మనిషి సరే అంటాడు? దానికి జవాబు వెతుకుతుంది. పదకొండు రోజుల ముందు చేస్తే ఏమంటారో మీకు తెలియంది కాదు కదా."

తెలుసు. 'చూద్దాంలెండి' అంటారు. ఆ మాట ఆమె కొన్ని వేల సార్లు విని ఉంటుంది.

"చెరువు బతకాలంటే ఏ రోజు ఫోన్ చెయ్యాలి అని అడిగితే చెప్తుందా?"

"చెప్తుంది. ఇంతవరకూ ఎవరూ అడగలేదు మేడమ్."

ఆ తర్వాత నాలుగు రోజులు సుభాషిణి ఎవరితోనూ ఏమీ అనలేదు. ఫోన్లు చేస్తూనే ఉంది. ఫలితాలు బాగున్నాయి. రాజుగారు వర్క్‌షాపులో కొత్తగా ఆరుగురిని పెట్టుకున్నారు. యంత్రం మంచిది, రైతుకి అవసరమైనది, మేం అబద్ధమేమీ చెప్పడం లేదు అని తనకు తను చెప్పుకుంది. ఆ నాలుగు రోజుల గురించి తర్వాత ఎప్పుడు మాట్లాడినా ఆమె ఏ సాకూ చెప్పేది కాదు. "ఊరుకున్నాను" అనేది.

ఆదివారం అక్క సత్యవేణి భోజనానికి పిలిచింది. అక్క వాళ్లిల్లు చెరువు గట్టుకు ఆనుకునే ఉంటుంది. ఆరెకరాల్లో రెండు చెరువులు. వాళ్లు పెద్దదీ చిన్నదీ అని పిలుస్తారు. సత్యవేణి చింతచిగురు వేసి రొయ్యలు వండింది. బావ తిరుమాని వీర్రాజు చెక్ ట్రే పైకి లాగి మరదలికి చూపించాడు.

"చూడు మరదలా, ఎలా ఎగురుతున్నాయో! పిల్ల వదిలి అరవై రెండో రోజు. ఇంకో నెల ఆగితే పట్టుబడే, రొయ్య అమ్మేయడమే. అప్పుడు బోటుకి కొత్త ఇంజను బిగించుకుంటా."

"ఒక మిషన్ పెట్టించుకో బావా."

"నీ పాల క్యాను నాకెందుకే? నా చెరువు నాతో మాట్టాడుద్ది. ఒంట్లో బాగోకపోతే అదే చెప్పుద్ది."

సత్యవేణి నవ్వి ఇంకో గరిటె కూర వేసింది. గాలి చల్లగా ఉంది. ఏరేటర్లు తిరుగుతున్నాయి. నీళ్లు ఆకుపచ్చగా ఉన్నాయి.

సోమవారం పొద్దున మొగల్తూరు తీరం జాబితా వచ్చింది. ముప్పై ఎనిమిది పేర్లు. పదిహేడో వరసలో 'తిరుమాని వీర్రాజు, ఆరెకరాలు' అని ఉంది. పిలవాల్సిన రోజు పంతొమ్మిది. ప్రమాదాన్ని గుర్తించింది ఏడో తారీఖున. ఆ రోజు పదో తారీఖు. నిన్న తను ఆ గట్టు మీద అన్నం తింటున్నప్పటికే సకాలానికి ఆ సంగతి తెలిసి రెండు రోజులైంది.

సకాలంతో చేసుకున్న ఒప్పందం కాగితంలో స్పష్టంగా రాసి ఉంది. సకాలం కనిపెట్టిన సంగతులు కంపెనీ వాడుకోవచ్చు, కొనబోయేవాళ్లకు చెప్పకూడదు. ఆ కాగితం మీద సుభాషిణి సంతకం కూడా ఉంది. ఆమె స్కూటర్ తాళం తీసుకుని బయల్దేరింది.

వీర్రాజు గట్టు మీద వల బాగుచేసుకుంటున్నాడు. ఆమె ఏదీ దాచకుండా చెప్పింది. ఉపగ్రహం సంగతి, మోటార్ల వేడి, చక్రాల జాడలు, పంతొమ్మిదో తారీఖు, అన్నీ. వింటున్నకొద్దీ అతని ముఖం మారిపోయింది.

"అంటే పైనుంచి ఎవడో నా చెరువులోకి తొంగి చూత్తన్నాడన్నమాట. నేను మేత ఎంత ఏత్తన్నానో లెక్కెడుతున్నాడు. ఎవడడిగాడే వాణ్ని?"

"ఎవరూ అడగలేదు బావా."

"నాకు చెప్పడానికి కాదు, నీకు చెప్పడానికి చూత్తన్నాడు. నేను ములిగే దాకా ఆగి అప్పుడు నీ చేత ఫోన్ చేయిద్దామని!" వల విసిరికొట్టాడు. "అరవై మూడు రోజుల్నించీ దాని పక్కనే పడుకుంటున్నాను. నాకు తెలియంది ఆ కంప్యూటర్‌కి తెలుసా?"

ఈలోగా సత్యవేణి చీర కుచ్చెళ్లు ఎగదోపి, రెండు సీసాలు పట్టుకుని ముందు పెద్ద చెరువులోకి, తర్వాత చిన్నదాన్లోకి దిగింది. అడుగు బురదకు దగ్గరగా సీసాలు ముంచి నింపి, మూతలు పెట్టి, మొగుడి చేతికిచ్చింది.

"కోపం తర్వాత పడుదువుగాని. ముందు ఇవి పరీక్షకిచ్చి రా. ఏమీ లేదంటే ఇద్దరం కలిసి మా చెల్లిని తిడదాం."

మొగల్తూరులోని ఆక్వా ల్యాబ్ మధ్యాహ్నానికి కాగితం ఇచ్చింది. చిన్న చెరువుకి ఏమీ లేదు. పెద్ద చెరువు అడుగున చెడ్డ బాక్టీరియా పెరుగుతోంది. ఇంకా పైకి రాలేదు. మేత తగ్గించి, నీళ్లు మార్చి, అడుగుకి గాలి అందిస్తే ఆపవచ్చని ల్యాబ్ అమ్మాయి చెప్పింది. వీర్రాజు ఆ కాగితాన్ని మడతపెట్టి జేబులో పెట్టుకుని, మళ్లీ తీసి చదివాడు.

"అది నాతో చెప్పలేదే" అన్నాడు చివరికి. చెరువు గురించి అంటున్నాడని అక్కాచెల్లెళ్లిద్దరికీ అర్థమైంది. సత్యవేణి వెళ్లి అతని పక్కన కూర్చుంది.

ఆ చెరువు దక్కిందని తేలడానికి తర్వాత ఇంకో పన్నెండు రోజులు పట్టింది. ఆ సాయంత్రానికి మాత్రం అది ఎవరికీ తెలియదు. సుభాషిణి స్కూటర్ ఎక్కబోతుంటే వీర్రాజు వెనకాలే వచ్చాడు.

"ఆ జాబితాలో ఇంకా ఎంతమందున్నారే?"

"ముప్పై ఏడుగురు."

"వాళ్లందరికీ మరదళ్లు లేరు కదా" అన్నాడు.

మంగళవారం పొద్దున తొమ్మిదింటికి సుభాషిణి ఆఫీసు గోడ మీది తెల్లబోర్డు తుడిచి, ముప్పై ఏడు పేర్లూ, ఊళ్లూ పెద్ద అక్షరాలతో రాసింది. రాజుగారు రాజమండ్రి వెళ్లారు. ఆయన్ని అడగలేదు. అడిగితే ఆలోచిద్దామంటారని ఆమెకు తెలుసు. అంత సమయం లేదు.

"ఇవాళ మనం ఏదీ అమ్మం" అంది కల్పవల్లితో, సాల్మన్‌తో. "ముగ్గురం కూర్చుని అందరికీ ఫోన్ చేద్దాం. మీ చెరువు అడుగు నీళ్లు ఇవాళే పరీక్షకి ఇవ్వండి అని చెప్దాం. ఎలా తెలిసిందని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పండి. మిషన్ ఊసెత్తకండి. మీ మీదకి ఏ మాట వచ్చినా నాదే పూచీ."

"మన ఉద్యోగాలు ఉంటాయాండీ?" అన్నాడు సాల్మన్.

"నా సంగతి తెలీదు. మీకు చెప్పింది నేను కాబట్టి మీవి ఉంటాయి."

కల్పవల్లి హెడ్‌ఫోన్ తగిలించుకుంది.

ఫోన్లన్నీ సకాలం లోపలి నుంచే వెళ్లేవి. పేరు మీద నొక్కితే చాలు, నంబరు దానంతటదే కలుస్తుంది. మొదటి రైతు "ఎవరు మీరు, నా చెరువు మీద శాపాలు పెడతన్నారు?" అని తిట్టి పెట్టేశాడు. రెండో ఆయన "ఏదన్నా మందు అమ్ముతారా?" అని మూడుసార్లు అడిగాడు. ఏమీ అమ్మడం లేదని చెప్తే నమ్మలేదు. కొందరు శ్రద్ధగా విన్నారు. ఒకాయన మాట్లాడుతూనే చెరువులోకి దిగుతున్నట్టు నీళ్ల చప్పుడు వినిపించింది. అయిన పేరుకల్లా సుభాషిణి బోర్డు మీద టిక్కు పెడుతోంది.

ఇరవై మూడో టిక్కు పడ్డాక సకాలం తెర బూడిదరంగుకి మారిపోయింది. 'మీ ట్రయల్ నిలిపివేయబడింది' అని వచ్చింది. ఆ వెంటనే శశాంక్ ఫోన్ చేశాడు.

"ఏం చేస్తున్నారు మేడమ్? అన్ని చోట్లా ఒకేసారి ఏరేటర్లు పెంచేశారు, మేత బండ్లు ఆగిపోయాయి. మా వాళ్లకి ఇక్కడ కనపడిపోతోంది. ఒప్పందం ఉంది కదా!"

"ఉంది. నేను మీరాను. ఇంకో పద్నాలుగు మంది ఉన్నారు శశాంక్ గారూ. ఒక్క గంట తెరవండి."

"నా చేతిలో లేదు." గొంతు తగ్గించాడు. "నిజంగా లేదు మేడమ్. పైవాళ్లు మూసేశారు. నన్ను రేపు మీ ఆఫీసుకి వెళ్లమంటున్నారు."

నంబర్లన్నీ ఆ బూడిదరంగు వెనకాల ఉండిపోయాయి. బోర్డు మీద పేరూ ఊరూ మాత్రం ఉన్నాయి. సుభాషిణి తీగ తెరిచింది. పద్నాలుగు పేర్లూ, ఊళ్లూ కొట్టింది. తీగ తొందరపడలేదు. లైసెన్సు కాగితాలు, సంఘాల పుస్తకాలు తిరగేస్తూ ఒక్కో నంబరే ఇచ్చింది. ఒక నంబరు పక్కన 'పాతది కావచ్చు' అని కూడా రాసింది. అది నిజంగానే పాతది. ఆ ఫోన్ ఎత్తిన మనిషి కొత్త నంబరు చెప్పాడు. సాయంత్రం ఆరింటికి పన్నెండు మంది దొరికారు. ఇద్దరి దగ్గర 'తెలియదు' అని ఉంది.

"పొద్దున్నే మనమే వెళ్దాం" అంది సుభాషిణి. మర్నాడు ఆ ఇద్దరిలో ఒకరి దగ్గరకు సాల్మన్ బయల్దేరాడు. కాళీపట్నంలో ఉండే కడలి మల్లేశ్వరమ్మ దగ్గరకు తను వెళ్లింది.

మల్లేశ్వరమ్మకు అరవై దాటి ఉంటాయి. రెండు చెరువులు ఒంటిచేత్తో చూసుకుంటోంది. సుభాషిణి వెళ్లేసరికి మొదటి చెరువు ఒడ్డు తెల్లగా ఉంది. కొంగలు వాలి ఉన్నాయి. ఆమె వాటిని తోలే ఓపిక కూడా లేకుండా గట్టు మీద కూర్చుని ఉంది.

సోమవారం చూసిన జాబితాలో ఆమెను పిలవాల్సిన రోజు ఆ బుధవారమే.

వెనక్కి తిరిగి వెళ్లిపోవచ్చు. యంత్రం అమ్మడానికి వచ్చానని చెప్పవచ్చు, ఆమె వెంటనే పెట్టించుకునేది కూడా. సుభాషిణి ఆమె పక్కన కూర్చుని, తనెవరో, ఏ కంపెనీయో చెప్పి, విషయమంతా చెప్పింది.

మల్లేశ్వరమ్మ చివరిదాకా విన్నది.

"ఎన్ని రోజుల్నించీ తెలుసన్నావు?"

"కంప్యూటర్‌కి పదిరోజుల నుంచి. నాకు సోమవారం నుంచి. కానీ ఇలాంటివి ఉంటాయని అంతకు ముందే తెలుసు. ఊరుకున్నాను."

ఆమె తిట్టలేదు, ఏడవలేదు. సుభాషిణి ముఖంలోకి చాలాసేపు చూసింది.

"నువ్వు వచ్చి చెప్పావు, సరే. మీ పెద్దాయన ఎవరు?"

"రాజుగారని..."

"ఆయన్ని రమ్మను. ఆయనతో మాట్టాడాలి నేను."

సుభాషిణి ఆఫీసుకు చేరేసరికి మధ్యాహ్నమైంది. రాజుగారి గదిలో శశాంక్ కూర్చుని ఉన్నాడు. అతని ముందు ఒప్పందం కాగితాలున్నాయి. రాజుగారి ముఖం ఎర్రగా ఉంది.

"ఏంటమ్మా ఇది? నేను ఒక్కరోజు ఊళ్లో లేకపోతే..."

"చెప్తానండీ. మొత్తం చెప్తాను, ఆ తర్వాత మీ ఇష్టం" అంది సుభాషిణి. కూర్చోలేదు. ఆమె కాళ్లకు బురద ఇంకా ఆరలేదు. సూర్యకాంతం గంప దగ్గర మొదలుపెట్టి వరసగా చెప్పింది. ముప్పై ఎనిమిది మందిలో ముప్పై ఏడుగురికి ముందే కబురు అందిందని చెప్పింది. సాల్మన్ వెళ్లిన చెరువు బాగానే ఉందనీ, ల్యాబుల నుంచి ఇప్పటికి ఇరవై ఒక్క కాగితాలు వచ్చాయనీ, అందులో పదిహేడింట్లో జబ్బు నిజమేననీ చెప్పింది.

"అంటే నా సకాలం చాలావరకూ సరిగ్గానే చెప్పిందన్నమాట" అన్నాడు శశాంక్ మెల్లగా.

"సరిగ్గానే చెప్పింది. అంత గొప్పది తయారుచేశారు మీరు. దాన్ని ఇంత చిన్న ప్రశ్న అడుగుతున్నారు."

శశాంక్ కళ్లజోడు తీశాడు. ఈసారి తుడుచుకోలేదు, అలాగే చేత్తో పట్టుకున్నాడు. "ప్రశ్న మార్చడానికి ఒక్కరోజు చాలు మేడమ్. మొదటి రోజే రైతుకి కూడా చెప్పేలా చెయ్యొచ్చు. దాన్ని కొనేవాళ్లు లేరని మా వాళ్లు అంటారు."

"మరి ఇప్పుడు యాభై మందిలో ముప్పై ముగ్గురు కొంటున్నారు కదమ్మా" అన్నారు రాజుగారు. "ముందే చెప్తే 'చూద్దాంలెండి' అంటారు. ఆ మాట నువ్వే చెప్పావు. అప్పుడు వర్క్‌షాపులో ఈ ఆరుగురి సంగతేంటి?"

"కొంతమంది అలాగే అంటారండీ. ఈ నెల తక్కువే వస్తాయి, నేను కాదనను. నిన్న మేం ఏదీ అమ్మలేదు. ఇవాళ పొద్దున్నించీ వాళ్లే ఫోన్ చేసి మిషన్ గురించి అడుగుతున్నారు, ఇప్పటికి ఎనిమిది మంది. మీరు ఈ మిషన్ కనిపెట్టింది రొయ్య తేలాక పెట్టడానికి కాదు. తేలకుండా ఉండటానికి. అది పనిచేసే రోజున మనం ఫోన్ చెయ్యకుండా, పనిచెయ్యని రోజు దాకా ఆగుతున్నాం. మీ మిషన్ మీద మీకే నమ్మకం లేనట్టు."

కింద వర్క్‌షాపులో ఎవరో రేకు మీద సుత్తితో కొడుతున్నారు. రాజుగారు లేచి కిటికీ దగ్గరకు వెళ్లారు. అక్కడి నుంచే అడిగారు.

"ఏది మంచిదో తేల్చమని నీకే చెప్పాను కదా. తేల్చావా?"

"తీగ. అది తెలిసింది చెప్తుంది, తెలియంది తెలియదంటుంది. మిగిలింది మనం మాట్లాడి తెలుసుకోవచ్చు."

రాజుగారు తిరిగి వచ్చి, శశాంక్ ముందున్న కాగితాలు తీసి అతని చేతికిచ్చారు.

"తప్పు మావైపు జరిగింది బాబూ. మీవాళ్లు ఏం చెయ్యాలనుకుంటే అది చేసుకోమను, మేం ఎదుర్కొంటాం. నువ్వు ఆ ప్రశ్న మార్చిన రోజు మాత్రం నేరుగా నా దగ్గరకి రా. మొదట సంతకం పెట్టేది నేనే."

"అడిగి చూస్తాను సార్" అన్నాడు శశాంక్. కాగితాలు సంచిలో పెట్టుకుని, తలుపు దాకా వెళ్లి, ఆగి, "ఆ పదిహేడు కాగితాలు నాకు పంపిస్తారా మేడమ్? మా వాళ్లకి చూపించాలి" అన్నాడు. పంపిస్తానంది.

అతను వెళ్లాక సుభాషిణి మల్లేశ్వరమ్మ సంగతి చెప్పింది. ఆమె రమ్మన్న సంగతి కూడా.

"నన్నా?" అన్నారు రాజుగారు. ఆయన పదేళ్లలో ఒక్క కొనుగోలుదారు ఇంటికి కూడా వెళ్లి ఎరగరు. మొహమాటం మనిషి. టేబుల్ మీది పెన్ను అటూ ఇటూ జరిపి, "పద" అన్నారు. వెళ్తూ వెళ్తూ వర్క్‌షాపులోంచి ఒక యంత్రాన్ని బండిలోకి ఎక్కించారు. మళ్లీ ఏమనుకున్నారో దాన్ని దించేయించి, నీళ్లు పరీక్షించే పెట్టె ఒక్కటే పెట్టించారు.

కాళీపట్నం చేరేసరికి ఎండ వాలుతోంది. మల్లేశ్వరమ్మ మొదటి చెరువులోని రొయ్యను ఏరించి, గొయ్యి తీయించి, సున్నం చల్లిస్తోంది. రాజుగారు చెప్పులు గట్టు కింద విడిచి నడిచి వెళ్లారు. సుభాషిణి రెండడుగులు వెనక ఉంది.

మల్లేశ్వరమ్మ ఆయన్ని పైనుంచి కిందికి చూసింది.

"తెలిసి ఊరుకుంది మీరేనా?"

నిజానికి అలా ఆగుతున్న సంగతి ఆయనకు ఈ మధ్యాహ్నం దాకా తెలియదు. ఆ మాట సుభాషిణే చెప్పబోయింది. రాజుగారు చెయ్యి అడ్డం పెట్టారు.

"ఆయ్. నేనేనండి" అన్నారు.

మల్లేశ్వరమ్మ ఆయన కళ్లలోకి చూస్తూ నిలబడింది. రాజుగారు తల దించుకోలేదు, ఇంకో మాట కలపలేదు. చాలాసేపటికి ఆమె సున్నం బుట్ట కింద పెట్టి, చేతులు దులుపుకుని, పక్కకు జరిగి దారి ఇచ్చింది.

"రెండోది అటుంది. దాని సంగతేంటో చెప్పండి."

"తెలియదండి. నీళ్లు తీసి చూడాలి."

"చూడండి మరి, పొద్దు కుంకకుండా" అంది.

రాజుగారు పంచె పైకి మడిచి నీళ్లలోకి దిగారు. అడుగు బురద మోకాళ్ల దాకా వచ్చింది. సుభాషిణి గట్టు మీద నుంచి సీసా అందించింది.